ఇస్త్రీ చేయకూడని బట్ట

జూన్ 4, గురువారం

మా గువ్వ ఈరోజు గౌను వేసుకుంది!

ఈ ఒక్క వాక్యం రాయడానికే డైరీ తెరిచాను. రాసి చదువుకున్నాను. చాలలేదు, మళ్ళీ రాస్తాను. మా గువ్వ ఈరోజు గౌను వేసుకుంది.

పొద్దున బల్ల దగ్గర కూర్చుని టీ ఊదుకుంటున్నాను. గది తలుపు కిర్రుమంది. మా అమ్మాయి ఆ నీలం గౌనులో, గుండ్రటి తెల్ల కాలరుతో వంటగదిలోకి వచ్చి, గ్లాసెడు నీళ్ళు తాగి, మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయింది. అంతే. టీ అంతా నా ఒళ్ళో పడింది. కాలిందో లేదో కూడా చూసుకోలేదు. చెప్పులు వేసుకుని మెట్ల వైపు పరుగెత్తాను. మా ఆవిడ వెనక నుంచి చొక్కా పట్టుకుంది.

"ఎక్కడికండీ?"

"ఎక్కడికీ లేదే. కింది టీచరమ్మగారికి ఒక్క మాట చెప్పి వచ్చేస్తా."

"మీ నోటికి తలుపూ లేదు, గొళ్ళెమూ లేదు. అది మంచినీళ్ళకని వచ్చింది, ఊరేగింపుకి కాదు. అంతగా ఆగలేకపోతే ఇందులో రాసుకోండి."

అలమర అడుగు నుంచి ఈ డైరీ తీసి నా ముందు పడేసింది. నేను రిటైరైన ఏడాది హోటల్‌వాళ్ళు ఇచ్చినది. వారాలు కలవవు, కొట్టేసి రాసుకుంటున్నాను.

ముప్పై దాటిన పిల్ల. కళ్ళద్దాల షాపులో వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముకి కూర్చే పని చేతిలో ఉన్న పిల్ల. పోయిన వానాకాలం బస్సులో అలా జరిగినప్పటి నుంచి గుమ్మం దాటలేదు. ఎప్పుడు చూసినా ఒకే బూడిదరంగు పైజామా, ఒకే చొక్కా. ఆ గౌన్లన్నీ పెట్టెలో పెట్టి మంచం కిందికి తోసేసింది. ఈరోజు ఆ పెట్టె తెరిచిందన్న మాట!

బస్సు సంగతి ఇందులో రాయను. ఇది సంతోషం రాసుకోవడానికి ఇచ్చిన పుస్తకం.

జూన్ 5, శుక్రవారం

ఈరోజు కూడా! గౌనుతో పాటు మోకాళ్ళ దాకా తెల్ల సాక్సులు కూడా వేసుకుంది. అంచుకి చిన్న లేసు. మధ్యాహ్నం దాకా అలాగే ఉంది. భోజనం బల్ల దగ్గరికి వచ్చి తిన్నది. నేను చప్పట్లు కొట్టబోయి మా ఆవిడ కళ్ళు చూసి చేతులు తుడుచుకున్నాను.

ఇంట్లో ఉతుకుడు, ఇస్త్రీ నావే. ముప్పై ఏళ్ళు పెద్ద హోటల్ లాండ్రీలో చేసినవాడిని, చేతులు ఊరుకోవు. సాయంత్రం ఆ సాక్సులు చేతికి వస్తే తిరగేసి చూశాను. అరికాలు కూడా పాలలా ఉంది. ఇల్లు తుడిచిన గచ్చు మీద నడిచిన సాక్సుల్లో ఉతకడానికేముంటుంది? అయినా ఉతికాను. రెండుసార్లు ఉతికాను.

తర్వాత ఊరికే, గాలి కోసం, బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి వచ్చాను.

జూన్ 7, ఆదివారం

ఎంత రోజు! ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

కళ్ళద్దాల షాపు ఓనరమ్మ ఫోన్ చేసింది. మంచి మనిషి, ఇన్నాళ్ళూ ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు. కానీ ఇక పని ఆగడం లేదట. ఇరవై రెండో తారీఖు సోమవారం వస్తే సరే, రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాను, తప్పుగా అనుకోవద్దు అన్నదట. గువ్వ ఫోన్ పెట్టేసి మా ఇద్దరి ముందుకీ వచ్చి నిలబడింది.

"వెళ్తానని చెప్పాను. వెళ్తే ఇవి వేసుకునే వెళ్తాను."

మా ఆవిడ బంగాళాదుంపలు తరుగుతోంది. తల ఎత్తకుండానే అన్నది. "మొదటి నాలుగు రోజులూ మామూలు బట్టలు వేసుకుని వెళ్ళొచ్చు కదే."

"ఇవే నా మామూలు బట్టలమ్మా."

కత్తి ఆగింది. మా ఆవిడ కాసేపు గువ్వను పైనుంచి కిందికి చూసింది. "అయితే సరిగ్గా వేసుకో. ఆ కాలరు ఒకపక్క లేచింది" అన్నది. మా ఆవిడంటే మా ఆవిడే!

అంతే, పెట్టె మొత్తం మంచం మీదికి వచ్చింది. నన్నూ పిలిచింది. ఇన్నేళ్ళలో నాకు ఎవరూ చెప్పనిదంతా ఈరోజు చెప్పింది. ఈ పద్ధతి పేరు లోలిటా అట, జపాన్ కుర్రకారు మొదలుపెట్టిందట. పేరు వినగానే నా మొహం ఎలా పెట్టానో, గువ్వ చెయ్యి ఊపింది.

"నువ్వు అనుకునేది కాదు నాన్నా. దీనికీ ఆ పేరున్న ఇంగ్లీషు నవలకీ సంబంధం లేదు. మెడ నుంచి మోకాలి దాకా కప్పుకుని, బొమ్మల ఇంట్లో బొమ్మలా ముస్తాబవడం. ఎవరి కోసమో కాదు, మనకోసం."

"బొమ్మలింట్లో ఇంత సామానా!" అన్నది మా ఆవిడ.

పండక్కి వేసుకునేవి వేరు, రోజూ వేసుకునేవి వేరు అట. రోజువారీకి గుండ్రటి కాలరు చొక్కాలు రెండో మూడో చాలు, అన్నిటి మీదికీ నప్పేలా ఒకటి తెలుపు, ఒకటి మీగడ రంగు. పైన చేతుల్లేని గౌను, కాదంటే లంగా. లోపల వేసుకునేది ఒకటి ఉంటుందట, దాని గురించి చెప్పేటప్పుడు మా ఆవిడ నన్ను కిటికీ వైపు తిరగమంది. తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి గువ్వ చేతుల్లో పెద్ద నెట్టు కుచ్చుల మేఘం.

"ఇది పెట్టికోట్. ఇది లేకపోతే గౌను వేలాడిపోతుంది. ఇదే గౌనుని గంటలా నిలబెట్టేది. దీనికి ఉన్న పని ఒక్కటే, పొంగి ఉండటం."

పాపం అది పెట్టెలో మడతపడి పడి నీరసించిపోయింది. నాకు మడత చూస్తే చేతులు దురద.

పట్టీ బూట్లు. తలకి రిబ్బను పట్టీ, గట్టిగా పట్టుకునే క్లిప్పులు. నూగు తీసే జిగురు రోలరు. "ముదురు రంగు గౌను మీద ఒక్క దారప్పోగు కనిపించినా ముస్తాబంతా పోతుంది నాన్నా." ఆ మాటకి మనసు నిండిపోయింది. అచ్చం మా లాండ్రీ మేస్త్రీ మాట! మొహానికి ఎండ తగలని క్రీము, పలచగా పౌడరు, బుగ్గల మీద వేలితో అద్దినంత గులాబీ రంగు, పెదాలకి అదే రంగు ఇంకాస్త. కనురెప్పల వెంట్రుకలు పైకి వంచడానికి ఒక పరికరం చూపించింది. దాన్ని చూస్తే పన్ను పీకేదిలా ఉంది, నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. గువ్వ నవ్వింది. నవ్వింది! రాసుకో ముసలోడా, నవ్వింది.

పెట్టె అడుగున ఒక గుండ్రటి డబ్బా ఉంది. విగ్గు డబ్బా. దాన్ని తెరవలేదు. నేనూ అడగలేదు.

జూన్ 8, సోమవారం

ఊరికే, గాలి కోసం, ఆ బస్సులోనే వెళ్ళి వచ్చాను. వెనక సీట్లు ఖాళీ.

జూన్ 9, మంగళవారం

నేను చెప్పలేదు. అంటే, పూర్తిగా చెప్పలేదు. కింది టీచరమ్మగారు మెట్ల దగ్గర కనిపించి "ఏంటి బాబాయిగారూ, మొహం వెలిగిపోతోంది?" అన్నారు. మనిషి మొహం వెలిగిపోతుంటే ఏం చెప్పాలి? "మా గువ్వ మళ్ళీ గౌన్లు వేసుకుంటోందండీ, రాణిలా ఉంది" అన్నాను. అంతే అన్నాను. బస్సు మాట ఎత్తలేదు.

సాయంత్రం ఆవిడ పైకి వచ్చేశారు. వెంట వాళ్ళ అక్క కూడా. "మేమూ ఒక్కసారి చూస్తామమ్మా, ఒక్కసారి ఇలా తిరుగు!" గువ్వ బల్ల దగ్గర రొట్టెకి వెన్న రాసుకుంటోంది. కత్తి కింద పెట్టి, నవ్వి, తిరిగింది కూడా. ఒక్క చుట్టు తిరిగింది. ఆ తర్వాత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మా ఆవిడ రొట్టె మీద మూత పెట్టింది. నాతో ఏమీ అనలేదు. ఆవిడ తిట్టకపోతే నాకు భయం.

జూన్ 10, బుధవారం

తలుపు తీయలేదు. బూడిదరంగు పైజామా.

గాలి కోసం వెళ్ళి వచ్చాను.

జూన్ 12, శుక్రవారం

చూశావా, నేను చెప్పానా! రెండు రోజులు అలసిపోయింది, అంతే. ఈ పొద్దున వాళ్ళమ్మను పిలిచి కత్తెర చేతిలో పెట్టిందట. "రోజూ విగ్గు అక్కర్లేదమ్మా. నా జుట్టే ముందుకి కత్తిరించు, నుదురు కప్పేలా." మా ఆవిడ వంటగది కత్తెరతో, నోట్లో దువ్వెన పెట్టుకుని, ఊపిరి తీయకుండా కత్తిరించింది. ఒకపక్క పొట్టిగా వచ్చింది. రెండోపక్క సరిచేయబోయి అది ఇంకా పొట్టి చేసింది.

"ఆపమ్మా! ఇంకాసేపు ఉంటే గుండు చేస్తావు!"

"నీ తల వంకరైతే నేనేం చేయనే!"

తలుపు బయట నిలబడి ఇద్దరి గొడవా విన్నాను. ఇంత మంచి గొడవ ఈ ఇంట్లో జరిగి ఎన్నాళ్ళైంది! గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాను.

గువ్వ పెట్టికోట్ తీసి స్నానాలగది తలుపు మీద తలకిందులుగా వేలాడేసింది. పెట్టెలో నలిగింది కదా, దానంతటది సర్దుకోవాలట. దానంతటది ఏ బట్ట సర్దుకుంటుంది, పిచ్చిపిల్ల. నేనెందుకున్నాను?

జూన్ 13, శనివారం

ఈరోజు నా చేతులు చేసిన పని చూసి నాకే ముద్దొచ్చింది. మధ్యాహ్నం గువ్వ నిద్రపోతోంది, మా ఆవిడ బజారుకి వెళ్ళింది. పెట్టికోట్ దింపి నా బల్ల మీద పరిచాను. ఎన్ని కుచ్చులు! పొర కింద పొర, పొర కింద పొర. నైలాన్ నెట్టు, వేడి తగిలితే కరిగిపోతుంది. నాకు తెలియదా? పైన పలచటి నూలుగుడ్డ తడిపి వేసి, వేడి బాగా తగ్గించి, ఒక్కొక్క కుచ్చు వేళ్ళతో లాగి పట్టుకుని నొక్కుతూ వెళ్ళాను. ఒక్క పోగు కాలలేదు. ఒక్క ముడత మిగల్లేదు. నడుం విరిగిపోయింది, అయినా పాట పాడుకుంటూ చేశాను. హోటల్లో పెళ్ళికూతురి గౌన్లు నా చేతికే ఇచ్చేవారు, ఊరికే ఇచ్చారా?

ఇప్పుడు తలుపుకి వేలాడుతోంది. ఎంత తిన్నగా, ఎంత చదునుగా, కొత్త కాగితంలా! ఇరవై రెండున నా బిడ్డ నా చేతి ఇస్త్రీతో గుమ్మం దాటుతుంది. లేచి చూసుకుని ఎంత మురిసిపోతుందో. లేస్తున్న చప్పుడు. వెళ్ళి చూడాలి.

జూన్ 13, సాయంత్రం

పెట్టికోట్ ఇస్త్రీ చేయకూడదట.

జూన్ 14, ఆదివారం

అరిచినా బాగుండేది. పెట్టికోట్‌ని రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. అది అట్టముక్కలా వంగింది. నా మొహం చూసింది. "ఎంత కష్టపడ్డావు నాన్నా" అన్నది. మళ్ళీ తలుపు.

మా ఆవిడ ఈసారి తిట్టింది, హమ్మయ్య. "దాని పని పొంగి ఉండటమని మీ ముందే కదండీ చెప్పింది! వినిపించలేదా?"

"వినిపించింది."

"మరి?"

మరి ఏముంది. వింటున్నప్పుడు గువ్వ మొహం చూస్తున్నాను. నవ్వుతుందేమోనని చూస్తున్నాను. మాటలు చెవిలో పడ్డాయి, లోపలికి పోలేదు.

ఇంకొకటి కొందామంటే, అది ఎక్కడో దూరాన చేసి పంపేది, వచ్చేసరికి నెల దాటుతుందట. తారీఖు దగ్గరికి వచ్చేసింది.

జూన్ 16, మంగళవారం

పొద్దున కెటిల్లో నీళ్ళు మరుగుతుంటే ఆవిరి మూత ఎగరేస్తోంది. అలా చూస్తూ చూస్తూ నుదురు కొట్టుకున్నాను. హోటల్ పెద్ద హాల్లో ముఖమల్ పరదాలు! వాటి నూగు అణిగిపోతే ఇస్త్రీపెట్టె దగ్గరికి రానిచ్చేవాళ్ళం కాదు. తలకిందులుగా పట్టుకుని లోపలి నుంచి ఆవిరి పట్టేవాళ్ళం. తెలిసిన పనే. ఆ రోజు బుర్ర ఎక్కడ పెట్టానో!

ఒక చేత్తో కెటిల్ పట్టుకుని సరాసరి స్నానాలగదికి నడిచాను. సగం దారిలో ఆగాను. వెనక్కి వచ్చి గువ్వ తలుపు తట్టాను.

"అమ్మా, అణిగినదాన్ని ఆవిరితో లేపొచ్చు. పూర్తిగా లేస్తుందని మాట ఇవ్వలేను. చేయమంటావా, వద్దంటావా?"

ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను. కెటిల్ బరువు. తర్వాత తలుపు తెరుచుకుంది. "నేను పట్టుకుంటాను. నువ్వు ఆవిరి పట్టు."

అలా ఇద్దరం వంటగదిలో నిలబడ్డాం. అది పెట్టికోట్ నడుం పట్టీ కిందికి, అంచు పైకి పట్టుకుంది. నేను కింద నుంచి ఆవిరి పట్టి, వేళ్ళతో కుచ్చు కుచ్చునీ విడదీశాను. కిటికీలన్నీ మసకబారాయి. ఒకరి మొహం ఒకరికి కనిపించలేదు. అందుకేనేమో మాట్లాడింది.

"నువ్వు రోజూ ఆ బస్సులో ఎందుకు వెళ్తున్నావు నాన్నా?"

"ఎవరన్నారు?"

"అమ్మ."

"గాలి కోసం."

"వాళ్ళు దొరికితే ఏం చేస్తావు?"

ఏం చేస్తాను. మోకాళ్ళు పట్టేసిన ముసలివాడిని. "నిలబెట్టి గంజి పెడతా" అన్నాను. అది నవ్వింది. నవ్వుతూనే, మొదటిసారి, తన నోటితో చెప్పింది. వెనక సీటువాళ్ళు ముందు ఫోన్లో తీశారట. తర్వాత ఒక చెయ్యి వచ్చి విగ్గు లాగేసింది. అది చేతులు మారుతూ బస్సు ముందుదాకా వెళ్ళింది. మా గువ్వ ఒక్కొక్క సీటు దగ్గరా ఆగి, ఇవ్వండి, ఇవ్వండి అని అడుక్కుంటూ వెళ్ళింది. బస్సంతా నవ్వింది. చివరికి డ్రైవరు తీసి ఇచ్చాడు. అతనూ నవ్వుతూనే ఇచ్చాడట.

రాయనన్నాను. రాసేశాను.

కెటిల్ ఎటు వంగిందో చూసుకోలేదు, ఆవిరి దాని వేలికి తగిలింది. "పర్వాలేదు, ఇంకో పక్క తిప్పనా?" అన్నది.

పెట్టికోట్ పూర్తిగా లేవలేదు. మునుపటి మేఘం కాదు, సగం మేఘం. గువ్వ దాన్ని విదిలించి అటూ ఇటూ చూసింది. "రోజువారీకి ఇంతే కావాలి నాన్నా. మరీ పొంగితే సీట్లో ఇమడదు, పక్కవాళ్ళ ఒళ్ళోకి వెళ్తుంది" అన్నది. నిజంగా అన్నదో, నా కోసం అన్నదో. నిజంగానే అని ఉంటుంది. ఇలాంటి విషయాల్లో అది అబద్ధం చెప్పదు.

రేపటి నుంచి ఆ బస్సు ఎక్కనని మాట ఇచ్చాను.

జూన్ 18, గురువారం

మీగడ రంగు చొక్కా, ముదురు ఆకుపచ్చ లంగా, చిన్న రిబ్బను. సోమవారానికి ఇదే ఖాయం చేసింది. షాపులో అద్దాల పొడి పడుతుంది కాబట్టి లేసు తక్కువ ఉన్నది, చేతులు మోచేతి దాకా మడిచేది. పైన ఓనరమ్మ ఇచ్చే యాప్రాన్. ఎంత ఆలోచన! కాలరు మాత్రం నన్ను ఇస్త్రీ చేయమంది. తనే అడిగింది! ఒక్క కాలరు చేయడానికి నాకు గంట పట్టింది.

బస్సులో వెళ్ళలేదు. స్టాపు దాకా నడిచి వెళ్ళి వచ్చాను. స్టాపు బస్సు కాదు కదా.

జూన్ 20, శనివారం

ఈరోజు కింద వీధి చివరిదాకా వెళ్ళి వద్దామనుకుంది, సోమవారానికి అలవాటుగా. పొద్దుటి నుంచి ముస్తాబు. క్రీము, పౌడరు, బుగ్గలు, ఆ పన్ను పీకే పరికరంతో కనురెప్పలు. రోలరు. బూట్ల పట్టీ. గదిలోంచి బయటికి వచ్చేసరికి నేను గుమ్మం పక్కన దాని లేసు గొడుగు పట్టుకుని నిలబడ్డాను. తలుపు తెరిచి పెట్టాను. స్నానం చేసి మంచి చొక్కా వేసుకున్నాను. మా ఆవిడ కళ్ళతో ఏదో సైగ చేసింది, నాకు అర్థం కాలేదు. నాకు ఇంకేదీ కనిపించడం లేదు. ఆ ఆకుపచ్చ లంగా గంటలా ఊగుతూ వస్తుంటే కళ్ళలోంచి నీళ్ళు అవే కారాయి.

గుమ్మం దగ్గర ఆగింది. ఒక బూటు గడప మీద పెట్టింది. నా మొహం చూసింది. బూటు వెనక్కి తీసుకుంది.

"నాన్నా, నువ్వు అలా చూస్తుంటే నేను వెళ్ళలేను."

"సంతోషంతోనమ్మా! ఇవి సంతోషం కన్నీళ్ళు!"

"తెలుసు. వాళ్ళు నవ్వుతూ చూశారు, నువ్వు మురిసిపోతూ చూస్తున్నావు. ఇక్కడ నిలబడితే రెండూ ఒకేలా బరువుగా ఉన్నాయి. బట్టలేసుకుని పనికి వెళ్ళే మనిషిని ఎవరైనా ఇలా చూస్తారా?"

బూట్లు విప్పి చేత్తో పట్టుకుని గదిలోకి వెళ్ళింది. నేను గొడుగు పట్టుకుని చాలాసేపు అక్కడే ఉన్నాను. తెరిచిన తలుపులోంచి మెట్ల గాలి వస్తోంది. మా ఆవిడ వచ్చి తలుపు మూసి, గొడుగు తీసుకుంది.

జూన్ 21, ఆదివారం

చూడకుండా ఎలా ఉంటారు?

జూన్ 22, సోమవారం, పొద్దున

నా ఇస్త్రీ బల్లని కిటికీ వైపు తిప్పి వేసుకున్నాను. గుమ్మం నా వీపు వెనక పడింది. దిండు గలేబు ఒకటి పరిచి ఇస్త్రీ మొదలుపెట్టాను. మా ఆవిడ చూసింది, ఇంకో నాలుగు గలేబులు తెచ్చి పక్కన పెట్టింది.

గది తలుపు కిర్రుమంది. నేను తిరగలేదు.

రోలరు చప్పుడు. చిర్రు, చిర్రు. ముందు లంగా, తర్వాత వెనక. వెనక అందక కాస్త ఆగింది. మా ఆవిడ అడుగులు, "ఇటు తిరుగు" అన్న మాట, మళ్ళీ చిర్రు. పౌడరు డబ్బా మూత టక్కుమంది. రిబ్బను క్లిప్పులు, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, ఎవరూ లాగలేనంత గట్టిగా. నెట్టు గరగరలాడింది, సగం మేఘం. కూర్చుంది. బూటు పట్టీ. రెండో బూటు పట్టీ.

గుమ్మం దగ్గర ఆగింది.

నేను గలేబు ఇస్త్రీ చేస్తున్నాను. ముడతలు ఎప్పుడో పోయాయి. అయినా చేస్తున్నాను. మెడ నొప్పి పుట్టింది. ఎంత చిన్న ఇల్లు ఇది, ఇంత దగ్గరగా నిలబడింది, పౌడరు వాసన ఇక్కడికి వస్తోంది.

"నాన్నా, వెళ్ళొస్తా."

"ఊఁ" అన్నాను. నా గొంతేనా అనిపించింది. పొద్దున పనికి వెళ్ళే మనిషికి ఇంట్లోవాళ్ళు అనే "ఊఁ".

తలుపు. మెట్లు. బూట్ల చప్పుడు దిగుతూ దిగుతూ, మలుపులో ఆగి, మళ్ళీ దిగింది. తర్వాత వినిపించలేదు.

గలేబు మాడిపోయింది. ముప్పై ఏళ్ళలో నా చేతిలో మాడిన మొదటి బట్ట. మా ఆవిడ దాన్ని తీసి మడత పెట్టి, బల్ల మీద తల వాల్చుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. అంటే, తర్వాత.

జూన్ 22, మధ్యాహ్నం

వాన! దాని దగ్గర ఉన్నది లేసు గొడుగు, ఎండ గొడుగు, వానకి పనికిరాదు. పెద్ద గొడుగు తీసుకుని చెప్పులు వేసుకున్నాను. మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుని బట్టలు కుడుతోంది. అక్కడ వెలుతురు బాగుంటుందట. అక్కడ వెలుతురే లేదు.

చెప్పులు విప్పాను.

జూన్ 22, సాయంత్రం

అమ్మాయి పని నుంచి వచ్చింది. టీ తాగింది.

నేనేమీ అడగలేదు. కప్పు కడుగుతూ తనే చెప్పింది. "బస్సులో ఇద్దరు నవ్వారు నాన్నా. వాళ్ళ స్టాపు వచ్చింది, దిగిపోయారు. నా స్టాపు ఇంకా దూరం."

"కూర్చున్నావా, నిలబడ్డావా?" అన్నది మా ఆవిడ.

"కూర్చున్నా. ఇమిడింది."

తర్వాత స్నానానికి వెళ్తూ సాక్సులు నా బల్ల మీద పెట్టి "ఇవి ఉతకాలి" అన్నది.

దీపం దగ్గర పెట్టి చూశాను. రెండు సాక్సుల మీదా మడమ నుంచి పిక్క దాకా వీధి బురద. చిన్న చిన్న చుక్కలు, ఎడమకాలికి ఎక్కువ. స్టాపు దగ్గర ఆ గుంట నాకు తెలుసు.

బురద తడిగా ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే నూలు లోపలికి దిగిపోతుంది. ముందు ఆరనివ్వాలి, ఆరాక దులపాలి, ఆ తర్వాతే నీళ్ళు. మా పనిలో చేరిన రోజున నేర్పేది ఇదే. అందుకని వాటిని అలాగే వంటగదిలో తీగ మీద వేశాను. తొందరేమీ లేదు.

తీగ కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చూడటానికి కాదు. ఊరికే, గాలి కోసం.